కాలింగ్ బెల్ స్విచ్‌ల పీట

కొత్త గేమ్ కన్సోల్ ధర బయటికొచ్చిన రోజు మెకానిక్ రిపేరు షాపులో పని ముందుకు సాగలేదు. టీవీ ఇవ్వడానికొచ్చినవాళ్ళూ, మిక్సీ తీసుకెళ్ళడానికొచ్చినవాళ్ళూ బల్ల మీద మోచేతులానించి అదే గోల. పెట్టె ధరకే కళ్ళు తేలేశారు. పైగా డిస్కు పెట్టే భాగం విడిగా కొనాలట, నిలబెట్టే స్టాండు విడిగా, రెండో కంట్రోలర్ సంగతి సరేసరి. "మా కాలంలో ఇవన్నీ పెట్టెలోనే వచ్చేవి" అని ఒకడు నిట్టూర్చాడు, నెత్తిన ఒక్క తెల్లవెంట్రుకైనా లేకుండానే.

మెకానిక్ చూపు మాత్రం ఎవరో చూపించిన ఫోన్‌లో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఒంటిచేత్తో ఆడేవాళ్ళ కోసమట: వెడల్పాటి పలక, దాని మీద అరచేయంత బటన్లు. అచ్చం అలాంటిదే ముప్పై ఏళ్ళ క్రితం ఇదే బల్ల మీద తను చేశాడు.

అతని తమ్ముడికి కుడిచెయ్యి చిన్నప్పుడే జ్వరంలో చచ్చుబడింది. నోరు మాత్రం నాలుగు చేతుల పెట్టు. అన్న కొన్న మొదటి కన్సోల్ ముందు కూర్చుని, తను ఆడలేక, ఆడేవాళ్ళకు సలహాలిచ్చి ప్రాణం తీసేవాడు. ఆ పోరు పడలేక అన్న ఒక కంట్రోలర్ విప్పి, తీగలు బయటికి లాగి, చెక్కపీట మీద కాలింగ్ బెల్ స్విచ్‌లు బిగించాడు. దాన్ని చంకన పెట్టుకుని వీధంతా తిరిగి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించి మురిసిపోయాడు. ఆ సాయంత్రమే తమ్ముడు మొదటిసారి గెలిచి, వీధి చివరిదాకా వినిపించేలా కేక పెట్టాడు. అప్పటినుంచీ ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ ఆడాల్సిందే. పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు నెరిసింది, ఆట మాత్రం ఆగలేదు. ఎంత హాయైన ఆదివారాలో అవి.

పోయిన నెల ఆ పాత కన్సోల్ కన్నుమూసింది. దానికి కావలసిన ముక్క ఇక ఎక్కడా దొరకదు. తమ్ముడు వస్తున్నాడు, తింటున్నాడు, కాసేపు టీవీ చూసి ఏదో పనుందని లేచిపోతున్నాడు. ఇలాగే రావడం కూడా మానేస్తాడేమోనని మెకానిక్‌కి గుబులు పట్టుకుంది.

కన్సోల్ అయితే కొందాం గానీ, ఆ పలకకు కూడా అంత పొయ్యాలా అని ఇంట్లో నసిగాడు. భార్య ఒక్క మాటతో తేల్చేసింది. "ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడతారా? మీ తమ్ముడికేగా, తెచ్చెయ్యండి."

ఆదివారం కొత్త పలక తమ్ముడి ఒళ్ళోకి చేరింది. వేలు తగిలితే చాలు, పలుకుతోంది. ఆట కూడా పాతదే, రంగులే కొత్తవి. అయినా కళ్ళు మూసుకుని గుంటలు దాటే మనిషి ప్రతి గుంటలోనూ పడుతున్నాడు. అంచు ఇంకా దూరంగా ఉండగానే దూకేస్తున్నాడు. వయసు మీద పడిందా ఏమిటని అన్నకు భయం వేసింది.

"ఏమైందిరా?"

తమ్ముడు ఒక బటన్‌ను వేలికొసతో తాకి చూశాడు. "నీ స్విచ్‌ల స్ప్రింగులు గట్టివన్నయ్యా. అడుగంటా నొక్కితే గానీ పలికేవి కావు. అందుకని కాస్త ముందే నొక్కడం అలవాటైపోయింది."

"మొదటి రోజు నుంచీనా? ఒక్క మాట చెబితే చిటికెలో మార్చేవాణ్ణి కదరా."

"వీధంతా తిప్పి చూపించుకున్నావు కదా. చెప్పబుద్ధి కాలేదు."

ఇన్నేళ్ళూ ఆ పీటతో తమ్ముణ్ణి గెలిపించానని అనుకున్నాడు మెకానిక్. పీటను గెలిపిస్తూ వచ్చింది తమ్ముడు. తడిసిన కళ్ళు కనబడకుండా కొత్త పలకను తిప్పి వెనక వైపు చూడసాగాడు. ఎవరి స్విచ్‌లు వాళ్ళు తగిలించుకోవడానికి అక్కడ వరసగా కన్నాలున్నాయి. షాపుకెళ్ళి పాత పీట తెచ్చాడు. తీగలకు కొత్త పిన్నులు వేసి ఒక్కొక్కటే తగిలించాడు. చివర్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని, స్ప్రింగులు మార్చమంటావా అని అడిగాడు.

"వాటిని ముట్టుకోకు" అన్నాడు తమ్ముడు, పీటను ఒళ్ళోకి లాక్కుంటూ.

ఆ సాయంత్రం అన్న ఓడిపోయాడు. ఆ సంగతి వీధి చివరిదాకా వినిపించింది.