పచ్చకర్పూరం వాసన

మాకు మాట్లాడటం నేర్పించడానికి మద్రాసు నుంచి ఒకావిడను పిలిపించారు.

తొంభైల చివర్లో మాట. అప్పుడు నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పొద్దున డ్యూటీ దిగి, ఇంటికి పోయి ఇంత తిని నడుం వాల్చాల్సిన వేళ మమ్మల్నందరినీ మేడమీది హాల్లో కూర్చోబెట్టారు. ఆవిడ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పింది. రోగి కళ్ళలోకి చూడాలి. నవ్వాలి. గొంతు తగ్గించాలి. ప్రతి మాటకూ ముందు 'దయచేసి' అనాలి. ముందు వరసలో కూర్చున్న మా మేట్రన్ అన్నిటికీ తల ఊపుతూ వచ్చింది. చివర్లో తనే లేచి ఇంకో ముక్క కలిపింది. "ఇంటి భాష ఇంట్లో పెట్టి రండి. ఉండాది, యాడ, ఈడ అని వార్డులో అరుస్తుంటే ఆసుపత్రి పరువు ఏం కాను?"

హాలంతా నావైపు తిరిగింది.

మాది చిత్తూరు అవతల, నాలుగడుగులు వేస్తే తమిళనాడు వచ్చేసే పల్లె. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. గట్టు మీద నిలబడి పిలిస్తే చేలో ఉన్న నాయనకు వినపడాలి కదా, ఆ గొంతే నాకూ వచ్చింది. అందరూ అట్లా చూస్తుంటే సిగ్గుపడతాననుకున్నారేమో. నాకు సిగ్గు వేయలేదు, ఒళ్ళు మండింది. నా మాట అర్థం కాక ఇబ్బందిపడిన రోగి ఒక్కరుంటే చూపించండి అని అడగబోయాను. పక్కనున్న స్నేహితురాలు నా మోకాలు గట్టిగా నొక్కింది.

ఆ క్లాసులో అన్నీ పనికిరాని మాటలే అనను. రోగితో మాట్లాడేటప్పుడు నిలబడి కాదు, కూర్చుని మాట్లాడండి అని ఆవిడ చెప్పింది. అది నాకు నచ్చింది. ఇప్పటికీ స్టూలు లాక్కుని కూర్చోకుండా నేను ఎవరికీ ఏమీ చెప్పను. మిగతాదంతా నాకు రైల్వే స్టేషన్ మైకులో ప్రకటన విన్నట్టే అనిపించింది. వినడానికి మర్యాదగానే ఉంటుంది, ఎవరి చెవికీ ఎక్కదు.

ఆ వారంలోనే ఆమె మా వార్డులో చేరింది. ఏర్పేడు దగ్గర పల్లె. నాకంటే కొంచెం పెద్ద మనిషి, నేను అక్కా అని పిలిచేదాన్ని. పిత్తాశయంలో రాళ్ళు. కుడి డొక్కలో నొప్పి లేస్తే మంచం కోడు పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. ఒకసారి కామెర్లు కూడా వచ్చి తగ్గాయి. మళ్ళీ వస్తే ప్రాణం మీదికి వస్తుందని, రాళ్ళతో పాటు తిత్తి కూడా తీసేయాలని డాక్టర్లు చెప్పారు. అయినా ఆపరేషన్ ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చింది. ఒకసారి చెనిక్కాయ పీకుడు, అంటే వేరుశెనగ కోతలు, ఇంకోసారి మరిది పెళ్ళి. ఈసారి ఇంట్లో అందరితో కొట్లాడి మరీ ఆమెను తీసుకొచ్చింది ఎవరో కాదు, ఆమె అత్త.

"ఈ తూరి కోయించుకోకుండా ఇంటికి పోతే మావోళ్ళు మళ్ళా పంపరు పాపా," అని చేర్చుకున్న రోజే ఆ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఎద్దుకు రోగమొస్తే బండి కట్టుకోని పోతారు గానీ, దీనికొస్తే రేపు సూద్దాం అంటారు."

ఆపరేషన్ చేసే సర్జన్ మద్రాసు నుంచి వారానికొకసారి వచ్చి, సాయంత్రం రైలుకు తిరిగిపోయేవాడు. చెయ్యి మంచిదని పేరు. కోపానికీ అంతే పేరు. ముందు రోజు సాయంత్రం డ్యూటీలో ఉన్న అమ్మాయి క్లాసులో నేర్పినట్టే నవ్వుతూ, మెత్తటి గొంతుతో, "రాత్రి భోజనం తర్వాత దయచేసి నోటి ద్వారా ఏమీ స్వీకరించకండి" అని ఆమెకు చెప్పి, మంచానికి 'నోటికేమీ ఇవ్వరాదు' అన్న అట్ట తగిలించి వెళ్ళింది. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెప్పమన్నది చెప్పింది.

పొద్దున సర్జన్ రౌండ్సుకు వచ్చి, "ఏమైనా తిన్నారా?" అని అడిగాడు.

"లేదు సామీ. పచ్చినీళ్ళు గూడా ముట్టలా," అంది ఆమె.

ఆయన తల ఊపి పక్క మంచానికి పోయాడు. ఆమెను థియేటర్‌కు తయారుచేసే పని నాది. గాజులు తీయించి, గౌను తొడిగి, జడ అల్లుదామని ఆమె మీదికి వంగాను. అప్పుడు తగిలింది ఆ వాసన. పచ్చకర్పూరం, యాలకులు, కాగిన నెయ్యి. తిరుపతిలో ఉండేవాళ్ళకు ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కొండ మీది నుంచి దిగిన బస్సుల్లో, లాడ్జీ గదుల్లో, ఆటోల్లో ఎప్పుడూ ఉండేదే. కానీ అది ఆమె నోట్లోంచి వస్తోంది.

తల తిప్పి అత్తను చూశాను. చీర కొంగు చెవుల మీదిదాకా కప్పుకుని గోడవారగా కూర్చునుంది. కొంగు కింద నున్నటి గుండు, దాని నిండా గంధం.

"అవ్వా, యాడికి పొయ్యొచ్చినావు?"

"కొండకు పాపా. నిన్న మద్దేనం ఎక్కి, తలనీలాలిచ్చి, సామిని సూసుకోని తెల్లారే దిగొచ్చినా. కోడలికి బాగైనంక ఇస్తానని మొక్కుకుంటే సామిని కాసుకోని ఉండమన్నట్టు గదా. అందుకే ముందే ఇచ్చేస్తి."

"కోడలికి ప్రసాదం పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల? దానికోసమే గదా పొయ్యింది!"

స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. "అక్కా, ఎంత తిన్నావు?"

"తినేదేంది సిస్టరమ్మా, నేనేమీ తినలా," అంది ఆమె ఆశ్చర్యంగా. "కండ్లకద్దుకోని నోట్లో ఏసుకున్నా. ఒగ లడ్డులో సగం. ప్రసాదం గదా అది, అన్నమా?"

ఆమె మాటలో అబద్ధం ఎక్కడుంది? మా వైపు ఎవరింటికైనా పోయి అడగండి. పెరటాసి నెలలో వెంకన్నకని శనివారం ఒక్కపొద్దుండే మనిషి పగలంతా పొయ్యి వైపు కూడా చూడదు, కానీ గుళ్ళో చేతిలో పెట్టిన ప్రసాదాన్ని వద్దనదు. దానివల్ల ఒక్కపొద్దు చెడదు. చెడుతుందనుకోవడమే పాపం. మా అమ్మ అట్లాగే ఉండేది, నేనూ అట్లాగే పెరిగాను. ఈమెకు ఆపరేషన్ రోజు కూడా ఒక ఒక్కపొద్దే. ఏమీ తినలేదని సర్జన్‌కు చెప్పినప్పుడు ఆమె దేవుడి ముందు చెప్పినంత నిజం చెప్పింది.

అయితే మత్తుమందుకు ప్రసాదమని తెలియదు కదా. నిండు పొట్టతో మత్తిస్తే, తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి థియేటర్‌లోనే పోవచ్చు. పరుగున పోయి మత్తు డాక్టరుకు చెప్పాను. ఆయన నిదానస్తుడు. "మంచి పని చేశావు. మధ్యాహ్నం దాటాక, చివరి కేసుగా పెట్టుకుందాం. అప్పటికి నాకు ఇబ్బంది లేదు," అన్నాడు.

అంతటితో అయిపోవాల్సింది. కానీ సర్జన్ వినగానే చేతిలోని తొడుగులు విసిరికొట్టాడు. "నేను స్వయంగా అడిగాను. లేదంది. అబద్ధం చెప్పే పేషెంట్లకు నేను కత్తి పట్టను. ఇంటికి పంపించండి."

వెంటనే మేట్రన్ నన్ను పక్కకు లాక్కెళ్ళింది. "మత్తు మిషను చెడిపోయిందని చెప్పు. వచ్చే నెల రమ్మను. క్లాసులో విన్నావుగా, నవ్వుతూ మెత్తగా చెప్పు, గొడవ చేయకుండా పోతారు."

అప్పుడు అర్థమైంది నాకు ఆ నవ్వు దేనికో. మిషను బంగారంలా పనిచేస్తోంది. వచ్చే నెలంటే చెనిక్కాయ పీకుడు మొదలు. ఈ మనిషి ఇంటికి పోతే మళ్ళీ రాదు, కామెర్లు మాత్రం వస్తాయి. ఆ అబద్ధం మెత్తగా నవ్వుతూ చెప్పి పంపడానికా నాకు మాట్లాడటం నేర్పింది?

"నేను చెప్పను మేడం," అన్నాను.

"ఏంటి?"

"మిషను చెడిపోయిందని చెప్పను. జరిగింది చెబుతాను."

సర్జన్ అక్కడే ఉన్నాడు, విన్నాడు. "పేషెంట్ తరపున వాదించడం నీ పని కాదు సిస్టర్."

"నా పనే అది సార్. ఆమె అబద్ధం చెప్పలేదు. మీరు తిన్నారా అని అడిగారు, ప్రసాదం తిన్నారా అని ఎవరూ అడగలేదు. కొండ కింద ఆసుపత్రి పెట్టుకుని ఆ ఒక్క మాట అడగకపోతే ఎట్లా సార్?"

నా గొంతు కారిడార్ చివరిదాకా వినపడే ఉంటుంది. నేను తగ్గించలేదు. ఉద్యోగం పోతే ఇంటికి ఏం మొహం పెట్టుకుని పోవాలి అనే భయం లేకపోలేదు. ఆ భయం కంటే మంట ఎక్కువగా ఉంది, అంతే.

వార్డుకు పోయి మళ్ళీ ఆమె ముందు కూర్చున్నాను. "అక్కా, లడ్డు తిన్నంక మత్తిస్తే పేనానికే మోసం. అందుకే ఇప్పుడు చెయ్యలేరు. మద్దేనం దాటినంక చెయ్యొచ్చునని మత్తు డాక్టరు అంటా ఉండాడు. కానీ నువ్వు అబద్ధం చెప్పినావని పెద్ద డాక్టరుకు కోపమొచ్చి ఇంటికి పొమ్మంటా ఉండాడు. ఇదీ జరిగింది."

అత్త గుండు మీద రెండు చేతులూ పెట్టుకుని, "నా చేత్తో నేనే చెడగొడితినే," అని ఏడవడం మొదలుపెట్టింది. కోడలు ఏడవలేదు. మంచం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఆ ఆకుపచ్చ గౌనులోనే కారిడార్‌లోకి నడిచింది. సర్జన్ కాఫీ తాగుతున్నాడు. పోయి ఆయన ముందు నిలబడింది.

"సామీ, నేను మీకాడ అబద్ధం సెప్పలా. ప్రసాదం తిన్న్యావా అని అడిగుంటే ఔనని సెప్పుందును. నాకు తెలీదు, ఇప్పుడు ఈ పాప సెప్పింది, తెలిసింది. మద్దేనం దాకా ఉమ్ము గూడా మింగకుండా ఉంటా. మీరు కోస్తే కోయండి, తిట్టేదుంటే తిట్టండి. ఇంటికి మాత్రం పోను."

అని థియేటర్ తలుపు పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. రోగులు, వాళ్ళ తాలూకు మనుషులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి చూస్తున్నారు. మేట్రన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "దయచేసి లోపలికి రండి" అంది. ఆమె కదల్లేదు. మత్తు డాక్టరు వచ్చి సర్జన్‌తో, "మధ్యాహ్నానికి నేను రెడీ," అని మాత్రం అన్నాడు. సర్జన్ కాఫీ కప్పు కింద పెట్టి, గోడ గడియారం వైపు ఒకసారి చూసి థియేటర్ లోపలికి పోయాడు.

మధ్యాహ్నం దాటాక చివరి కేసుగా ఆమెను తీసుకున్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన చెయ్యి మంచిదన్నది అబద్ధం కాదు. సీసాలో వేసి ఇచ్చిన రాళ్ళను ముసలమ్మ వార్డులో మంచం మంచానికీ తిప్పి చూపించింది.

మర్నాడు మేట్రన్ నన్ను పిలిచింది. వచ్చే వారం సర్జన్ వచ్చినప్పుడు క్షమాపణ అడగమంది. దేనికి అడగాలో చెప్పండి, అడుగుతాను అన్నాను. "మాటతీరు మార్చుకునేదాకా నువ్వు వార్డుకు రావద్దు," అని ఆవిడ నన్ను కింద ఓపీ హాలు పక్కన డ్రెస్సింగ్ గదిలో వేసింది. ఆ గది ముందు గోడ మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలతో బోర్డు. కావాలనే వేసిందని నాకు తెలుసు. వేస్తే వేసుకోనీ అనుకున్నాను. పుండ్లు కడిగే పని చిన్నదని నేనెప్పుడూ అనుకోలేదు. పైన వార్డులో జూనియర్ అమ్మాయిలు మాత్రం ఆపరేషన్ రోజు పొద్దున ప్రతి మంచం దగ్గరా, "ప్రసాదం గానీ తీర్థం గానీ ఏమన్నా తీసుకున్నారా?" అని అడగడం మొదలుపెట్టారట. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు, మేట్రన్ ఆపనూ లేదు. నా క్షమాపణ మాత్రం ఆవిడకు ఇంకా కావాలి.

కుట్లు విప్పే రోజు వచ్చింది. ఓపీ హాలు కిటకిటలాడుతోంది. మేట్రన్ తన గది తలుపు దగ్గర నిలబడి జనాన్ని వరసలో పెట్టిస్తోంది. ఉన్నట్టుండి వాకిట్లోంచి, నా గొంతుకు ఏమాత్రం తీసిపోని గొంతు ఒకటి లేచింది.

"మా సిస్టరు యాడుండాది? కుట్లు విప్పితే ఆ పాపే విప్పల్ల!"

హాలంతా అటు తిరిగింది. మేట్రన్ నావైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకుని, కళ్ళతోనే హెచ్చరించింది. ఆ బోర్డునూ చూశాను, ఆ వేలునూ చూశాను. గది బయటికి వచ్చి, చేలో ఉన్న నాయనను పిలిచే గొంతుతో పిలిచాను.

"అక్కా, ఈడుండా! రా! పొద్దున ఏం తిన్నావు?"

"రాగిసంగటి!" అంటూ జనాన్ని తోసుకుని వస్తోంది ఆమె. వెనకనే గుండు మీద మొలకెత్తిన తెల్ల వెంట్రుకలతో అత్త. "చెనిక్కాయల ఊరిబిండి! ఒగ గలాసు మజ్జిగ! ప్రసాదం గూడా సెప్పల్లనా?"

"సెప్పల్ల!"

"అయితే లడ్డు గూడా రాసుకో. ఈసారి మొత్తం తినేస్తి!"