గ్రాండ్ అంటే బాగాలేదని

మా ఆయనకి ఐర్లండ్ నేర్పిన మాటల్లో నాకు అస్సలు పడనిది ఒక్కటే, గ్రాండ్. మన దగ్గర పెళ్లి గ్రాండ్‌గా చేశారంటే ఊరంతా చెప్పుకున్నారని అర్థం. ఇక్కడ దానికి అంత సీన్ లేదు. టీ ఎలా ఉందంటే గ్రాండ్, కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాణ్ణి పలకరించినా గ్రాండే. పరవాలేదు, ఇక ఆ సంగతి వదిలెయ్ అని చెప్పడం అన్నమాట.

మొదట్లో ఆ మాటని ఇద్దరం వెక్కిరించుకునేవాళ్లం. నేను ఉప్పు మరిచిపోయిన పప్పు కూడా మాకు గ్రాండే. లెపర్డ్స్‌టౌన్‌లో ఆయన పనిచేసే ఆఫీసులో టీమ్ మొత్తాన్ని ఉద్యోగాల్లోంచి తీసేశాక ఆ వెక్కిరింత కాస్తా పోయింది. వాటర్‌ఫోర్డ్‌లో మా ఇంటి మేడ మీది చిన్న గదిలో తలుపేసుకుని ఇంటర్వ్యూ ఇచ్చి కిందికి వస్తాడు. ఎలా జరిగిందని అడుగుతాను. గ్రాండ్ అంటాడు. వారం తిరిగేసరికి సారీ అంటూ మెయిల్ వస్తుంది. ఏమైందంటే, ఏం కాలేదు, నేను గ్రాండ్ అని కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటాడు.

ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. నా జీతంతో ఇల్లు గడుస్తోంది. నా భయం వేరు. కాలేజీలో పరీక్ష పాడుచేసుకుంటే హాలు బయటే నన్ను పట్టుకుని ప్రతి ప్రశ్నా ఏకరువు పెట్టిన మనిషి ఈయన. ఇప్పుడు నాకు చెప్పడం మానేశాడు. ఇదే అలవాటైపోతే, రేపు ఉద్యోగం వచ్చినా ఇక నాతో ఏదీ చెప్పడేమోనని దిగులు పట్టుకుంది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మరో సారీ మెయిల్ వచ్చింది. బయట వాన. అడిగాను. గ్రాండ్ అన్నాడు. నాకు తిక్క రేగింది. ఫోన్ తీసి, ఎండ కాసే చోట్లలో టికెట్ ఎక్కడికి చవగ్గా ఉందో వెతికాను. మాల్టా వచ్చింది. మర్నాడే ఫ్లైటు. నొక్కేశాను.

"మాల్టా ఏంటి ఉన్నట్టుండి?" అన్నాడు.

"గ్రాండ్‌గా ఉంటుందని," అన్నాను.

ఆ దెప్పు తగిలినట్టే ఉంది, లేచి బ్యాగు దించాడు. కిందటేడు ఐరిష్ పాస్‌పోర్టులు చేతికొచ్చాయి కాబట్టి వీసా గొడవ లేదు. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? బ్యాంకు కాగితాలు, ఇంటి లీజు, పెళ్లి సర్టిఫికెట్ ఉన్న లావుపాటి ఫైలు బట్టల కన్నా ముందు సర్దాడు. తీరా అక్కడ దిగాక ఆఫీసరు పాస్‌పోర్టులు మాత్రం చూసి వెళ్లమన్నాడు. "ఇంకేం అడగడా?" అని మా ఆయనకి ఒకటే వెలితి.

విమానంలో పక్కపక్క సీట్లకి విడిగా కట్టలేదని ఆయన్ని ఎక్కడో ముందు, నన్ను టాయిలెట్ పక్కన పడేశారు. ఆయన తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఉన్నంత దూరంలోనే ఉన్నాడులే అనుకున్నాను.

రూము గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మంచం మీద ఒకళ్లు కదిలితే రెండోవాళ్లు లేచి కూర్చోవాలి. కిటికీ తీస్తే ఎదురింటి వాళ్లు ఆరేసిన దుప్పట్లు మొహానికి తగిలేంత దగ్గర. కాకపోతే ఆ సందులోకి కూడా ఎండ పడుతోంది. కింద కొట్లో బఠాణీ కూరిన పఫ్‌లు అమ్ముతున్నారు, అచ్చం మన బేకరీ కర్రీ పఫ్ లాగే. వేడివేడిగా తెచ్చుకుని మంచం మీదే తింటుంటే విజయవాడ నుంచి మా అత్తయ్య వీడియో కాల్ చేసింది.

"ఎక్కడున్నార్రా?"

"మాల్టా అని ఒక దీవి అమ్మా. రెండ్రోజులుండి వెళ్లిపోతాం."

"హోటలా? రూము ఎలా ఉంది?"

"గ్రాండ్," అన్నాడు, అలవాటుగా.

అత్తయ్య మొహం వెలిగిపోయింది. "గ్రాండ్ హోటల్లో దిగారా? అంటే ఉద్యోగం వచ్చిందన్నమాట. ముందు నాకు చెప్పొద్దట్రా? ఉండు, పక్కింటావిడ రోజూ అడుగుతోంది, చెప్పొస్తాను."

ఫోను చేత్తో పట్టుకునే లేచింది. ఆవిడ మొహం పోయి ఫ్యాను, గుమ్మం, చెప్పుల స్టాండు ఊగుతూ కనిపిస్తున్నాయి. రాలేదని నేనే చెప్పబోయి మానుకున్నాను. ఇది ఆయన చెప్పాల్సిన మాట.

"అమ్మా, ఆగు," అన్నాడు. "ఉద్యోగం రాలేదు."

చెప్పుల స్టాండు దగ్గర ఫోను ఆగింది. "మరి గ్రాండ్ అన్నావు?"

"ఇక్కడ గ్రాండ్ అంటే అది కాదమ్మా."

"మరేంటి?"

ఆయన చేతిలో పఫ్ పొడిపొడి అవుతోంది. "బాగాలేదు. నాకేం బాగాలేదమ్మా. ఇంటర్వ్యూ అంటే చాలు, చేతులు వణుకుతున్నాయి. వచ్చిన జవాబు కూడా నోట్లోంచి రావట్లేదు."

చేతులు వణుకుతాయని నాకు తెలియదు. ఒకే ఇంట్లో, కింద వంటింట్లో ఉంటూ కూడా తెలియదు. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

అత్తయ్య మొహం మళ్లీ తెర మీదికి వచ్చింది. గట్టిగా కేకలేస్తుందనుకున్నాను. "బాగాలేదని చెప్పడానికి అంత దూరం వెళ్లాలట్రా?" అంది మెల్లిగా. "ఇంట్లో చెబితే వినదా అది?"

"వింటుందమ్మా," అన్నాడు నా వైపు చూడకుండా.

సాయంత్రం సముద్రం ఒడ్డున నడుస్తూ మొత్తం చెప్పాడు. ఎవరు ఏ ప్రశ్న అడిగారో, ఎక్కడ తడబడ్డాడో, మైకు ఆపుకుని ఎన్ని నీళ్లు తాగాడో, పరీక్ష హాలు బయట చెప్పినట్టే ఒక్కటీ వదలకుండా. మధ్యలో నేను రెండుసార్లు తిట్టాను. ఆకలి వేసిందని ఇంకో పఫ్ అడిగాడు.

మేం తిరిగొచ్చేసరికి వాటర్‌ఫోర్డ్‌లో అదే వాన. ఆ వారంలోనే ఇంకో ఇంటర్వ్యూ. మేడ మీద తలుపు తెరుచుకుంది, మెట్లు దిగి వంటింట్లోకి వచ్చాడు.

"ఎలా జరిగింది?" అన్నాను.

"గ్రా..." అని ఆగాడు. కుర్చీ లాక్కున్నాడు. "చెత్తగా జరిగింది. కూర్చో, చెప్తాను."

స్టవ్ కట్టేసి కూర్చున్నాను.