పాత గుమాస్త జీతమెంత

ఎవరింట్ల ఎంత జీతమొస్తదో తెలుసుకోవాల్నంటె ఆఫీసుల చుట్టు తిరుగుడెందుకు, చీరలమ్మేదాన్ని పట్టుకుంటె చాలు. నేను పోచంపల్లికి పోయి, మగ్గాలున్న ఇండ్లల్లనే చీరలు కొనుక్కొచ్చి, నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊర్లల్ల కిస్తీల మీద అమ్ముత. నెలకెంత కడ్తవమ్మా, ఏ తారీఖున కడ్తవమ్మా అని అడగంగనే ఇంటాయిన జీతం ఎంతో, ఎప్పుడొస్తదో, అండ్ల కల్లుకెంత పోతదో అన్నీ బయటపడ్తయి. పెండ్లి సంబంధాలు కుదిర్చేటోళ్లకు గూడ గిన్ని సంగతులు తెల్వయి.

చదువంటారా, ఏడో తరగతి. ఎనిమిది చదువాల్నంటె పక్కూరికి రెండు కిలోమీటర్లు నడవాలె. గంత దూరం ఎవరు నడుస్తరని బడి బంద్ వెట్టిన. ఇప్పుడు చీరల మూట సంకన వెట్టుకొని దినాం అంతకు ఐదింతలు నడుస్తున్న. పైనుంచి చూసేటాయినకు మంచిగ నవ్వొస్తుండొచ్చు.

ఈ యాపారంల నియమం ఒక్కటే. ఒకింటి ముచ్చట ఇంకొకింట్ల చెప్పొద్దు. చెప్పినవంటె మూట దించేటందుకు అరుగు దొరకదు. నా నోట్ల నువ్వుగింజ నానదని మా ఆయన ఊరంత చెప్పుకుంట తిరుగుతడు గని, జీతాల కాడ మాత్రం నా నోటికి తాళమే. ఈ ముచ్చట రాసుకుంట గూడ అంకెలు రాయను. మీరు అడగొద్దు, నేను చెప్పొద్దు.

నార్కట్‌పల్లిల హైవే మీద సిమెంటు, ఇనుము, పైపులు అమ్మే పెద్ద దుకాణం ఒకటుంది. అండ్ల లెక్కలు రాసే గుమాస్త పెండ్లాం నా దగ్గర చీరలు తీసుకునేది. ఒకనాడు నేను పోయేసరికి ఇంట్ల సామాన్లు మూటలు కడ్తున్నది. ఆయనకు హైదరాబాద్‌ల పని దొరికిందట. ఆఖరి కిస్తీ నా చేతుల వెట్టి, ఇక్కడ ఎంతొచ్చేదో, అక్కడ ఎంతిస్తరో చెవుల చెప్పింది. చెప్పినంక భయమైనట్టుంది, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"అక్కా, మా అత్తకు తెల్వదు. తక్కువొస్తదని చెప్పి ఇన్నేండ్లు నెట్టుకొచ్చినం. నీకు దండం వెడ్త, ఎవ్వరికి చెప్పకు."

"మీ అత్త నా దగ్గర ఒక్క చీర గూడ కొనలే. ఆమెకెందుకు చెప్త," అన్న.

నోటితోని నవ్వుతున్న గని, మనసు అప్పటికే పోయి ఆ దుకాణంల ఖాళీ అయిన కుర్చీ మీద కూసున్నది.

ఎందుకంటె మా ఆడబిడ్డ నల్లగొండల బీకాం అయిపోగొట్టి, కంప్యూటర్ల లెక్కలు రాసుడు గూడ నేర్చుకొని, ఇంట్ల ఊకెనె కూసున్నది. ఫోన్ల పైసలు ఏపిచ్చుకోవాల్నంటె గూడ వాళ్ల అన్నను అడగాలె. వాళ్ల అన్న, అంటె మా ఆయన, లారీ మీద నెలల సగం దినాలు రోడ్డు మీదనే. పిల్లకు పని కావాలె గని, ఏ పని పడితె ఆ పని వద్దు. ఆమెతోని చదివిన పిల్ల ఒకామె దవాఖానల బిల్లులు రాసే పనికి తక్కువ జీతానికి ఒప్పుకున్నది. రెండేండ్లయినా ఒక్క రూపాయి పెరగలే. "మొదలు ఎంతకు ఒప్పుకుంటమో అండ్లనే ముసలోళ్లమైతం వదినా," అనేది మా పిల్ల. అందుకే భయం.

"నేనుండంగ భయమేంది? బేరం నాకిడువు," అన్న.

రెండు దినాలు ఇంట్ల తాలీం చేపిచ్చిన. మా ఆయన తువ్వాల మెడల ఏసుకొని నేను ఆ దుకాణం సేటునైన. ఆమె ముందట నిలబడ్డది.

"సేటు అంకె చెప్పంగనే నువ్వు మాట్లాడొద్దు. ఉప్పు లేని కూర తిన్నట్టు మొఖం వెట్టు. ఇంకో అంకె చెప్తడు. అది గూడ నచ్చకపోతె లేసి నడువు. మూడడుగులు ఏసేలోపట పిలుస్తడు."

"పిలువకపోతె?"

"పిలువకపోవుడేంది? గిన్నేండ్ల సంది అమ్ముతున్న, మూట గట్టుకొని లేస్తె 'ఓ చీరలామె, ఆగు' అననోళ్లను ఒక్కలను చూడలే."

"నేనేమన్న చీరనా వదినా?"

"చీరవే. అది గూడ రంగు పోనిది."

ఎంతకు తక్కువ ఒప్పుకోవద్దో గూడ చెప్పిన. పాత గుమాస్త పెండ్లాం నా చెవుల చెప్పిన అంకె. "గంతే ఎందుకు?" అని అడిగింది పిల్ల. "నాకు కలొచ్చింది, చెప్పిన కాడికి నేర్చుకో," అన్న.

ఇద్దరం ఆధార్ కార్డులు చూపెట్టి బస్సెక్కి పోయినం. సేటు మా నాయిన ఈడు మనిషి, తెల్లంగి, ముక్కు మీద కండ్లద్దాలు. మస్తు మంచిగ మాట్లాడుతడు. నాకు గట్ల మంచిగ మాట్లాడేటోళ్లతోనే పరేషాన్. కొట్లాడేటోనితోని బేరం అల్కగ అయితది. సేటు కుర్చీలేపిచ్చిండు, చాయ్ తెప్పిచ్చిండు. పిల్లను కంప్యూటర్ ముందట కూసోవెట్టి ఒక బిల్లు కొట్టిపిచ్చి చూసిండు. నచ్చింది. నచ్చినట్టు మొఖంల కనవడ్డది.

"నిన్ను పనిమనిషి తీరుగ చూడం బిడ్డా. ఇంటిమనిషి తీరుగ చూసుకుంటం," అన్నడు.

ఇంటిమనిషి అనంగనే నేను చాయ్ కప్పు కింద వెట్టిన. ఇంటిమనిషికి జీతమెవరిస్తరు? నేను పెండ్లయినకాడికెల్లి ఇంటిమనిషినే, మా అత్త ఇయ్యాల్టిదాంక పైస ఇచ్చిన పాపాన పోలే.

అనుకున్నట్టే అయ్యింది. ఆయన చెప్పిన అంకె నా కడుపుల ఉన్న అంకెల సగానికి జర ఎక్కువ. అది గూడ మూడు నెలలు పని నేర్చుకున్నంకనట. అప్పటిదాంక బస్సు కిరాయి ఇస్తడట.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ గద సేటూ. అంటె మూడు నెలలు ఉత్తగనే అన్నట్టు," అన్న.

సేటు నవ్విండు. "మాటకారివమ్మా. సరే, ఆ మూడు నెలలు సగం జీతమిస్త. ఇంతకు నువ్వెంత అంటవ్?"

నేను నా అంకె చెప్పిన.

"గంతనా! అమ్మా, నిన్నగాక మొన్న కాలేజీలకెల్లి బయటికొచ్చిన పిల్ల."

"అందుకే సేటూ, తాజాగ ఉన్నది."

ఆయన మళ్ల నవ్విండు. నవ్వుతుండు గని అంకె మాత్రం కదులుతలేదు. ఇగ ఇదే అదను అనుకొని పిల్ల దిక్కు చూసి కన్ను గొట్టిన. ఇద్దరం లేసి నిలబడ్డం.

"సరే సేటూ, పోయొస్తం."

"మంచిదమ్మా, పోయి రాండ్రి," అన్నడు.

ఒకడుగు. రెండడుగులు. మూడో అడుగు నేను ఎంత చిన్నగ ఏసిన్నంటె చీమ గూడ నన్ను దాటిపోతుండె. పిలుపు లేదు. మెట్లు దిగినం. లేదు. రోడ్డు దాటి బస్టాండుల పోయి కూసున్నం.

"వెనుకకు చూడకు," అన్న పిల్లతోని.

చూడనే చూసింది. "వదినా, ఆయన ఫోన్ మాట్లాడుతుండు. మన దిక్కు చూస్తలేడు."

"చూడొద్దని చెప్పలేదా?"

"నాకే చెప్పినవా, ఆయనకు గూడ చెప్పినవా?"

ఒక బస్సొచ్చింది, ఎక్కలే. ఇంకోటొచ్చింది, అది గూడ ఎక్కలే. రెండోది పోయినంక చూస్తె పిల్ల కండ్లల్ల నీళ్లు. నవ్వియ్యనీకి పరాష్కమాడుదామనుకున్నదాన్ని, కొంగుతోని ఆమె కండ్లు తుడిచిన. మూడో బస్సెక్కినం. దారి పొడుగూత ఆమె కిటికీ దిక్కు, నేను ఆమె దిక్కు.

ఒకనాడాయె, రెండొద్దులాయె. కబురు లేదు, ఫోన్ లేదు. మూడోనాడు, "నేనే ఫోన్ చేస్త వదినా," అన్నది.

"బాగుంటదా? మనం పిల్లనిచ్చేటోళ్లం. చూసిపోయినోళ్లే కబురు పంపాలె."

"చూడవోయింది ఎవరు వదినా? వాళ్లు మన ఇంటికి రాలే. మనమే వాళ్ల దుకాణానికి పోయి చాయ్ తాగి, పోయొస్తమని చెప్పి వచ్చినం. ఆ లెక్కన మనమే పిల్లగానోళ్లం. వాళ్లు మన కబురు కోసం చూస్తుండొచ్చు."

నాకు జవాబు దొరకలే. నాకు జవాబు దొరకకపోవుడు మా ఇంట్ల చిన్న ముచ్చట గాదు, మా అత్త గూడ తలెత్తి చూసింది.

తెల్లారి పొద్దుగాలనే జడేసుకొని తయారైంది. "నేను పోతున్న. నువ్వు రావాల్నంటె రా, గని లోపటికి రావొద్దు, నోరు తెరవొద్దు," అన్నది. ఏం జేస్త, పోయిన. దుకాణం బయట సిమెంటు బస్తాల మీద కూసున్న. లోపటి మాటలు మంచిగనే ఇనవడ్తున్నయి.

"రా బిడ్డా, రా. ఇంట్ల అడిగి చెప్తరని మీ కోసమే చూస్తున్న. ఇంకో పిల్లగాడు వచ్చిండు గని, వానికి మాట ఇయ్యలే," అన్నడు సేటు.

బస్తాల మీద నేను నా నెత్తి నేనే మెల్లగ కొట్టుకున్న.

మా పిల్ల కూసున్నట్టుంది, కుర్చీ సప్పుడైంది. "సేటూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. నాకంటె ముందున్నాయినకు ఎంతిచ్చేటోళ్లు?"

నేను ఉలిక్కిపడ్డ. గిన్నేండ్ల బేరాలల్ల ఈ మాట నేనెవ్వరిని అడగలే. అడిగితె నిజం చెప్పేటోడు యాపారం చేస్తడా?

సేటు పాత లెక్కల పుస్తకం తిప్పిన సప్పుడైంది. తర్వాత ఒక అంకె చెప్పిండు. మా పిల్లకు మొన్న ఇస్తనన్నదే, దగ్గర్దగ్గర అంతే. నాకు తెలిసిన అంకెల సగం!

అబద్ధం! అది అబద్ధమని చెప్పగలిగేటిది ఆ దుకాణం మొత్తంల నేనొక్కదాన్నే. లేసి లోపటికి ఉరుకుదామనిపిచ్చింది. గని, ఉరికి ఏం చెప్పాలె? నీకెట్ల తెలుసంటె ఎవరి పేరు చెప్పాలె? ఆ గుమాస్త పెండ్లాం అత్త సేటు ఇంటి ఎనుక గల్లీలనే ఉంటది. మాపటికల్లా ముచ్చట ఆమె చెవులవడ్తది. కొంగు తీసి నోట్ల కుక్కుకున్న. బస్తాలు ఎత్తే హమాలీ ఒకాయిన చూసి, "పండ్లు నొస్తున్నయా అక్కా?" అన్నడు. నొస్తున్నయని తలకాయ ఊపిన.

లోపట మా పిల్ల గొంతు నిమ్మళంగనే ఉన్నది. "అది ఆయన చేరిననాటిదా సేటూ, మానేసిననాటిదా?"

"చేరిననాటిది బిడ్డా. తొమ్మిదేండ్లాయె."

"మానేసిననాడు?"

సేటు చెప్పిండు. అచ్చం నా కడుపుల ఉన్న అంకె. పైస అటు ఇటు లేదు.

కొంగు నోట్లకెల్లి జారిపోయింది. అంటె నేను తొమ్మిదేండ్లు పని చేసినాయిన జీతం, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు అడిగిన్నన్నట్టు. సేటు గంతనా అని నోరు తెరిచిండంటె తెరువడా మరి! గని ఆయన గూడ తక్కువోడు గాదు. తొమ్మిదేండ్ల కింది జీతాన్ని దుమ్ము దులిపి మా పిల్ల ముందట వెట్టిండు.

"తొమ్మిదేండ్లు చేసినాయినంత నేను అడుగ సేటూ," అన్నది మా పిల్ల. "గని ఆయన చేరిననాడు మీరు ఇనుము కిలో ఎంతకు అమ్మేటోళ్లు? ఇయ్యాల ఎంతకు అమ్ముతున్నరు?"

నేను బస్తాల మీదనే ముందుకు వంగి చెవి వెట్టిన. సేటుకు కోపమొచ్చిందా, పొమ్మంటడా? తర్వాత నవ్వు. మొన్నటి మర్యాద నవ్వు గాదు, పొట్టల నుంచి వచ్చిన నవ్వు.

"నా ఇనుముతోని నన్నే కొడ్తివి గద బిడ్డా!"

"ఇనుము పెరిగినంత పెంచుండ్రి, చాలు. పని నేర్చుకునేటందుకు పదిహేను దినాలు పడ్తది, ఆ దినాలకు గూడ పూరా జీతమే. ఏడాదైనంక నా పని చూసి మళ్ల మాట్లాడుకుందాం. ఇప్పుడే అన్ని అనుకుంటె మీకు, నాకు ఇద్దరికి మంచిగుంటది."

సేటు క్యాలిక్యులేటర్ టకటక కొట్టిండు. వచ్చిన అంకె ఎక్కువైందని గొణిగి, కొంచెం తగ్గిద్దామని చూసిండు. "ఇనుము తగ్గిచ్చి అమ్ముతరా సేటూ?" అన్నది. అంకె ఖాయమైంది. పాతాయిన చేరిననాటికి, మానేసిననాటికి నడుమల, రెండు దిక్కుల మర్యాద దక్కేటి అంకె.

మా పిల్ల బయటికొచ్చి నా ముందట నిలబడ్డది. మొఖం చూస్తనే తెలుస్తున్నది.

"నెలాఖరట వదినా. ఆయన పోయినకాడికెల్లి బిల్లులు కుప్పవడ్డయట. ఇయ్యాల్నే కూసోమంటున్నడు. కూసుంట మరి."

"తిన్నవా?"

"తినలే. ఏమన్న తెచ్చిపెట్టి పో."

ఎదురుంగ హోటల్‌ల నాలుగు ఇడ్లీలు కట్టిపిచ్చి తెచ్చేసరికి ఆమె కుర్చీల కూసొని, కంప్యూటర్ దిక్కు మొఖం వెట్టి, ఎడమ చేత్తోని కాయితాలు తిప్పుతున్నది. నేను వచ్చింది గూడ చూడలే. ఇడ్లీల పొట్లం బల్ల మీద వెట్టి వచ్చిన.

ఇద్దరం పోయిన దారిల నేనొక్కదాన్నే బస్సెక్కి వస్తుంటె మా ఆయన లారీల నుంచి ఫోన్ చేసిండు.

"ఏమైందే చెల్లె పని?"

"అయ్యింది. కూసున్నది. మంచి జీతమే."

"నువ్వు మాట్లాడితె కాకుంట ఉంటదా?"

"నేను మాట్లాడలే. నోరు మూసుకొని బయట బస్తాల మీద కూసున్న. ఆమెనే మాట్లాడింది."

అవుతల లారీ బ్రేకు కొట్టిన సప్పుడైంది.

"నువ్వా?" అన్నడు. "నోరు మూసుకొనా?"

ఎన్నిసార్లు ఒట్టు వెట్టినా నమ్మలే. ఇప్పటికీ నమ్మడు. చీరలు కొన్నోళ్లందరికి, తన పెండ్లామే బేరం చేసి చెల్లెకు పని ఇప్పిచ్చిందని చెప్తడు. నేను గూడ ఊకుంట. యాపారానికి మంచిదే గదా.