తిన్నవా అని అడిగిన స్విచ్

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా మేనత్త దయ్యం కథ చెబుతుంటే, ఆ దయ్యానికి కాళ్ళు వెనక్కి ఉంటే మెట్లెలా ఎక్కుతుందని అడిగి తిట్లు తిన్నదాన్ని. పెద్దయ్యాక చేసింది కూడా నెట్‌వర్క్ పని. ఇందులో ఏది ఆగినా ఒక కారణం ఉంటుంది. ఊడిన తీగో, వేడెక్కిన పెట్టో, మనమే తప్పు కొట్టిన అక్షరమో. వెతికితే దొరుకుతుంది.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నిజానికి దయ్యం లేదు. అది జరిగినప్పుడు మనిషి బతికే ఉన్నాడు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కూడా అదే.

పెళ్ళయ్యాక సూరత్ వచ్చాను. మా ఆయన హజీరా వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ఊళ్ళో ఒక ఆస్పత్రిలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగంలో చేరాను. ఆస్పత్రి పేరు అవసరం లేదు. అది ఒకేసారి కట్టింది కాదు, అవసరం వచ్చినప్పుడల్లా ఒక ముక్క అతికించుకుంటూ పోయారు. నెట్‌వర్క్ కూడా అంతే. పాత భవనంలో ఒక కంపెనీ స్విచ్‌లు, కొత్త భవనంలో ఇంకో కంపెనీవి, వైఫై మూడో కంపెనీది, బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే పెట్టె నాలుగోది. స్విచ్ అంటే లైటు స్విచ్ కాదు. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె. ఒక కంపెనీ పెట్టె మాట ఇంకో కంపెనీ పెట్టెకు సగమే అర్థమవుతుంది. వాటన్నిటినీ ఒక తాటిమీద నడిపించడమే మా పని.

మా అంటే ఇద్దరమే. నేను, నాకు పని నేర్పిన రాజేశం అన్న.

అన్న పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. వాళ్ళ నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఖటోదరాలో మగ్గాల మీద పనిచేస్తూనే చనిపోయాడు. అన్న పెళ్ళి చేసుకోలేదు. లింబాయత్‌లో ఒక చిన్న ఇంట్లో తల్లీ కొడుకూ ఉండేవాళ్ళు. అన్న మాట్లాడితే ఒక వాక్యం తెలంగాణ తెలుగులో మొదలై హిందీలో నడిచి గుజరాతీలో ఆగేది. నేను చేరిన కొత్తలో ఒకరోజు సంచీ సర్దుకుంటూ, "అవ్వకు తబియత్ మంచిగ లేదు చెల్లె, జల్ది పోతున్న" అన్నాడు. పెద్ద వయసు కదన్నా, మనం చేయగలిగిందేముంది అన్నాను నేను ఓదార్పుగా. అన్న గుమ్మంలో ఆగిపోయి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏంది చెల్లె, మా అవ్వను గిప్పుడే సాగనంపుతున్నవా? అవ్వ అంటే అమ్మ. మీ దిక్కు ఏమంటరు?"

మా కడప వైపు అవ్వ అంటే నాన్నమ్మో అమ్మమ్మో. ఆ మాట చెప్పాక పడీ పడీ నవ్వాడు. తర్వాత ఏ రెండు కంపెనీల పెట్టెలు మొండికేసినా, "అవ్వ లొల్లి వచ్చింది చూడు" అనేవాడు. మాట ఒకటే, ఇల్లు మారితే మనిషి మారుతుంది అని దాని అర్థం. అది మా ఇద్దరికే తెలిసిన మాట.

అన్నకు ఇంకో అలవాటు ఉండేది. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళను స్విచ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తప్పులన్నీ ఆకలి మీదే జరుగుతాయని ఆయన సిద్ధాంతం. కంప్యూటర్ నుంచి ఏ పెట్టెలోకి ప్రవేశించినా ముందుగా తెర మీద ఒక హెచ్చరిక రావాలి, అనుమతి లేనివారు రాకూడదు అని. అన్న ఆ హెచ్చరిక తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లో TINNAVA అని పెట్టాడు. అన్ని కంపెనీల పెట్టెల్లోనూ. కొన్నింటిలో ప్రశ్నార్థకం కొడితే అది మనం సహాయం అడుగుతున్నామనుకుని ఏవేవో చూపిస్తుంది. ఆ గొడవ ఎందుకని ప్రశ్నార్థకం బదులు చివర రెండు చుక్కలు పెట్టేవాడు. TINNAVA.. అని. అన్నా, దీర్ఘం ఏదీ, తిన్నావా అనాలి కదా అని నేను ఏడిపించేదాన్ని. దీర్ఘం పెడితే అన్నం చల్లారుతది అనేవాడు.

ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఇదేంటని అడిగాడు. మా భాషలో ఇంతకంటే గట్టి ప్రశ్న లేదు సాబ్, జవాబు చెప్పకుండా ఎవరూ లోపలికి పోలేరు అని అన్న మొహంలో నవ్వు లేకుండా హిందీలో చెప్పాడు. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు వాసనలే గుర్తొస్తాయి. సర్వర్ గది చల్లగాలి, అన్న వాళ్ళమ్మ పంపిన సర్వపిండి, నేను చేసిన ఉగ్గాని, నన్ను అక్కా అన్నట్టు బెన్ అని పిలిచే ఎలక్ట్రీషియన్ హర్షద్‌భాయ్ తెచ్చే మెంతికూర థేప్లా రొట్టెలు. ముగ్గురం గుమ్మంలో కూర్చుని తినేవాళ్ళం. మొదటి లాక్‌డౌన్‌లో ఊరంతా మూతబడి, సూరత్‌లో మగ్గాల చప్పుడు ఆగిపోయినప్పుడు కూడా ఆ తిండి ఆగలేదు. కాస్త దూరం దూరంగా కూర్చున్నాం, అంతే. అంత భయంలోనూ అవి మంచి రోజులు అనిపిస్తుంది నాకు ఇప్పుడు.

కరోనా రెండో వేవ్ వచ్చింది. పడకలు చాలక ఆస్పత్రి నేల కింద ఉన్న పార్కింగ్‌ను వార్డుగా మార్చారు. అక్కడ ఫోన్ సిగ్నల్ అస్సలు అందదు. లోపలివాళ్ళు బయట గేటు దగ్గర టెంటులో ఉన్న తమవాళ్ళను చూడాలంటే టాబ్లెట్‌లో వీడియో కాల్ ఒక్కటే దారి. దానికి వైఫై కావాలి. వైఫై పెట్టెలు దొరికాయి గానీ వాటిని కలిపే స్విచ్ దొరకలేదు. బజారులో ఏ కంపెనీదీ సరుకు లేదు. చివరికి సలాబత్‌పురాలో మూసి ఉన్న చీరల కొట్టు యజమాని తన దుకాణంలోది ఇచ్చాడు. అది మా దగ్గర ఉన్న నాలుగు కంపెనీల్లో దేనిదీ కాదు. ఐదోది. అన్న గానీ నేను గానీ ఎప్పుడూ చేత్తో ముట్టని రకం.

అది వచ్చేసరికి అన్న జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. తర్వాత ఊపిరి అందక మా ఆస్పత్రికే తెచ్చారు. దొరికిన మంచం ఆ నేల కింది వార్డులోదే.

ఒకరోజు పొద్దున డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. సాయంత్రం వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు. ఒకసారి పెడితే మాట్లాడటం ఉండదు, స్పృహ కూడా ఉండదు. ఈలోగా వాళ్ళమ్మకు ఒకసారి చూపించగలరా అని. ఆమె అప్పటికే గేటు దగ్గర ఉంది. ఎండలో కొంగు నెత్తిన వేసుకుని, ఎవరొచ్చినా లేచి నిలబడుతోంది. నన్ను చూసి, "మా రాజేశం ఎట్లున్నడు బిడ్డా? జర ఒక్కపారి చూపియ్యరాదు" అంది. మధ్యాహ్నానికల్లా చూపిస్తానవ్వా అని నా ఫోను ఆమె చేతికిచ్చి, కాల్ వస్తే ఎలా ఎత్తాలో కాపలా అతనికి చెప్పి లోపలికి వెళ్ళాను.

వార్డు బయట ఒక చిన్న కరెంటు గది ఉంది. స్విచ్ అక్కడ బిగించాం. హర్షద్‌భాయ్ తీగలన్నీ లాగి పెట్టాడు. పాస్‌వర్డ్ యజమానికి గుర్తులేదు కాబట్టి ముందే దాన్ని పూర్తిగా చెరిపేశాను. అలా చెరిపితే పాతది ఏదీ మిగలదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులా అవుతుంది. తర్వాత నాకు అలవాటైన పద్ధతిలో అన్నీ రాసుకుంటూ పోయాను. అది ఎక్కడా తప్పు అనలేదు. ప్రతిదానికీ సరే అంది. కానీ వైఫై రాలేదు.

తీగ మార్చాను. తీగ గుచ్చే పోర్టు మార్చాను. పైనున్న పాత స్విచ్ వైపు చూశాను. మళ్ళీ మొదటి నుంచి రాశాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది. మధ్యాహ్నం అయిపోయింది. వార్డులోంచి నర్సు వచ్చి ఇంకా ఎంతసేపని అడిగింది, డాక్టరమ్మ తొందరపడుతోందట. గోడకు అవతల అన్న. గేటు అవతల అవ్వ. మధ్యలో నేనూ, ఈ మాట వినని పెట్టే. ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక దాన్ని రెండోసారి పూర్తిగా చెరిపి, ఆపి, మళ్ళీ వెలిగించాను.

కొత్తగా పుట్టిన పెట్టె అయితే నా లాప్‌టాప్ తెర మీద కంపెనీ పేరు, కింద మన పేరు అడిగే గీత వస్తాయి. అంతే రావాలి.

కంపెనీ పేరు వచ్చింది. దాని కింద TINNAVA.. అని వచ్చింది.

నా భుజం పక్క నుంచి హర్షద్‌భాయ్ దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివి, "బెన్, యే క్యా హై? ఆప్ కీ భాషా?" అన్నాడు. కాబట్టి అది నా కళ్ళకే కనిపించింది కాదు.

నాకు భయం వేయలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. అడిగాడు కదా మరి, ఎంత పనున్నా జవాబు చెప్పకుండా లోపలికి పోకూడదు. హర్షద్‌భాయ్‌ని డబ్బా ఉందా అని అడిగాను. ఆయన వింతగా చూశాడు గానీ తెచ్చాడు. బయట గోడ నీడలో మాస్కు తీసి థేప్లాలు తిన్నాను. వాటి మెంతివాసనకు సర్వర్ గది గుమ్మం, అన్న నవ్వు, అవ్వ లొల్లి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

అవ్వ లొల్లి. చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది.

రెండు స్విచ్‌ల మధ్య ఒకే తీగ మీద చాలా రకాల సంభాషణలు కలవకుండా పోయే దారిని మా పాత కంపెనీ ట్రంక్ అంటుంది. నేను పొద్దుటి నుంచి ఈ కొత్త పెట్టెలో ట్రంక్ అనే రాస్తున్నాను. అది సరే అంటోంది. ఎందుకంటే దాని ఇంట్లో కూడా ఆ మాట ఉంది. కానీ వేరే అర్థంలో. ఎప్పుడో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ ట్రంక్ అంటే రెండు మూడు తీగల్ని జడలా అల్లి ఒకటి చేయడం. అది జడ కోసం ఎదురుచూస్తోంది, నేను దారి కోసం ఎదురుచూస్తున్నాను. మాట ఒకటే. ఇల్లు మారింది.

చేతులు తుడుచుకుని పరుగెత్తాను. ఈసారి కంపెనీ పేరు కింద మన పేరు అడిగే గీత తప్ప ఏమీ లేదు. ఆ మాట మళ్ళీ రాలేదు. ట్రంక్ అనే మాట లేకుండా, వాళ్ళ మాటల్లో మొదటి నుంచి రాశాను. వార్డు వైఫై వచ్చేసింది.

నేను గేటు దగ్గరికి చేరేసరికి ఫోను మోగుతోంది. అవతల నర్సు టాబ్లెట్ పట్టుకుని ఉంది. తెర నిండా అన్న మొహం, దాని మీద పెద్ద ఆక్సిజన్ మాస్కు. అవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. అడిగింది ఒక్కటే.

"తిన్నవా కొడుకా?"

అన్న తలూపాడు. ఆ మాట ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. "మంచిగ తిను బిడ్డా, నేను గీడనే ఉన్న, యాడికీ పోను" అంది అవ్వ. అన్న ఆమెనే చూస్తూ ఉన్నాడు. చివరలో ఆమె భుజం వెనక ఉన్న నన్ను చూశాడు. మాట్లాడే శక్తి లేదు. సూది గుచ్చి ఉన్న చెయ్యి మెల్లగా ఎత్తి, వేళ్ళు ముడిచి, మాస్కు దగ్గరికి తీసుకెళ్ళి, నా వైపు కనుబొమలు ఎగరేశాడు.

"తిన్నా అన్నా" అన్నాను.

చెయ్యి దించి కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం వెంటిలేటర్ పెట్టారు. ఆ వారం దాటలేదు.

తర్వాత నాకు చేతనైనంత వెతికాను. చీరల కొట్టు యజమాని ఆ పెట్టెను ముంబైలో బంధువుల ద్వారా కొని, వాళ్ళతోనే పెట్టించుకున్నాడట. రాజేశం పేరే ఆయన వినలేదు. ఒకవేళ అన్నే అందులో ఎప్పుడో ఆ మాట రాసి ఉన్నా, నేను దాన్ని చెరిపింది ఒకసారి కాదు. నా లాప్‌టాప్‌లో పొరపాటున పాత స్విచ్ తెర కనబడిందేమో అనుకున్నాను. కానీ నేను తీగ గుచ్చింది నేరుగా ఆ పెట్టెకే, పైన ఉన్నది దాని కంపెనీ పేరే. అన్నకు ఆ రోజు చేతిలో ఫోను లేదు, మంచం దిగే ఓపిక లేదు. అవ్వకు మాత్రం ఇదంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "అడుగుతడు మరి. వాని అలవాటే గట్ల" అని కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆస్పత్రిలో అన్నీ ఒకే కంపెనీ పెట్టెలు. ఒకే తెర మీద అన్నీ కనిపిస్తాయి, అవ్వ లొల్లి లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. కొత్త పెట్టె వెలిగించిన ప్రతిసారీ నేను మాత్రం కంపెనీ పేరు కింద ఉన్న ఖాళీని ఒక క్షణం చూస్తాను.

ఆ రోజు అక్కడ నన్ను అడిగిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. గేటు దగ్గర జవాబు చెప్పింది మాత్రం అన్నకే.