యోగానంద్ వంక పెట్టలేకపోయిన పడవ

అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరు పాత కారు కొనాలన్నా, పాత ఫ్రిజ్ కొనాలన్నా, ఆఖరికి గరాజ్ సేల్‌లో కుట్టుమిషన్ కొనాలన్నా ముందు యోగానంద్‌కి ఫోన్ చేసేవాళ్లు. ఎనభై మూడు నాటి మాట ఇది. అతను రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరు. పగుళ్లు వెతకడమే ఉద్యోగం. ఆ గుణం సాయంత్రం ఇంటికొచ్చాక కూడా వదిలేది కాదు మహానుభావుణ్ణి. జేబులో ఎప్పుడూ చిన్న టార్చి, స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం ఉండేవి. కారు ఒంటికి అయస్కాంతం ఆనించి, అంటుకోని చోట రేకు తుప్పుపట్టిపోతే పుట్టీ పూసి రంగేశారని ఇట్టే పట్టేసేవాడు. అమ్మేవాడి ముఖం మాడిపోయేది. మనవాళ్లు సంబరపడిపోయేవాళ్లు. కూతురికి సంబంధం వస్తే అబ్బాయిని చూడ్డానికి కూడా యోగానంద్‌నే పంపిస్తానని డాక్టర్ దామోదర్ అందరి ముందూ అనేవాడు.

ఊళ్లోవాళ్ల వస్తువులతో ఏ చిక్కూ లేదు. చిక్కంతా సొంతానికి కొనాల్సి వచ్చినప్పుడే వచ్చింది.

కమ్మింగ్‌లో ఇల్లు తీసుకున్నాక అతని భార్య ఆండాళ్‌కి మోటారు పడవ మీద మనసైంది. కారెక్కితే కాసేపట్లో లేక్ లేనియర్ అనే పెద్ద చెరువు. వేసవి వచ్చిందంటే వీధిలో సగం ఇళ్ల ముందు ట్రైలర్ మీద ఒక పడవ. ఆండాళ్‌కి ఈత వచ్చు, పదకొండేళ్ల కూతురు రేణుకి అయితే మరీనూ. యోగానంద్‌కి రాదు. రాకపోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు, నీళ్లంటే అతనికి ప్రాణభయం. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ముక్క పెళ్లాంతో అన్లేదు. ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడేం చెబుతామని బిగుసుకుపోయాడు. మగవాళ్ల మొండితనానికి మందు లేదు కదా.

అందుకని పడవలకి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. మొదటి పడవకి అలవాటు చొప్పున అయస్కాంతం ఆనించాడు. ఎక్కడా అంటుకోలేదు. మొత్తం పుట్టీయేనని గంభీరంగా తేల్చాడు. అది రేకు కాదు, ఫైబర్‌గ్లాస్ అని దాని ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ అవమానంతో యోగానంద్ లైబ్రరీ పుస్తకాలు తెచ్చి కూలంకషంగా చదివేశాడు. ఇక అక్కణ్ణుంచి ఏ పడవ దగ్గరికెళ్లినా, మోటారు బిగించే వెనక గోడని వేలి కణుపులతో కొట్టి చెవి ఆనించేవాడు. డొప్పు డొప్పుమంటే లోపలి చెక్క కుళ్లినట్టు. నేలని మడమతో నొక్కేవాడు. అడుగున నిలిచిన నీళ్లలో నూనె తేలుతోందా అని టార్చి వేసేవాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి, అప్పటికే వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదు కాబట్టి మనం రాకముందే వేడిచేసి ఉంచాడని చెప్పేవాడు. రెండు వేసవులు ఇలాగే గడిచాయి. కాదన్నవాటిలో కొన్ని నిజంగానే కుళ్లినవి. కొన్ని పాపం, బంగారంలాంటి పడవలు.

ఒక శనివారం పొద్దున్న, దోసె తిప్పుతూ ఆండాళ్ అంది. "ఇవాళ చూసేదే ఆఖరిదండీ. ఇదీ వద్దంటే ఇంక నేను అడగను."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. యోగానంద్ గుండెల్లో రాయి పడింది. ఆవిడ సంగతి అతనికి తెలుసు. అడగడం మానేసిందంటే పడవొక్కటే కాదు, ఇంకేదీ అడగదు. అలాంటి ఇంట్లో ఉండటం తనవల్ల కాదనుకున్నాడు, అయినా కారెక్కగానే మళ్లీ నీళ్లే కళ్ల ముందు ఆడాయి.

ఆ పడవ హోలిస్ అనే ముసలాయనది. చెరువు ఒడ్డునే ఇల్లు, ఇంటి వెనక చెక్కల రేవుకి కట్టిన నీలం తెలుపు పడవ. చూపు మందగించిందని పిల్లలు అమ్మేయమన్నారట. రేవు చెక్కలు కాళ్ల కింద ఊగుతుంటే యోగానంద్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆండాళ్ వెనకే పడవలోకి దిగాడు. ఇంజను మీద చెయ్యి వెయ్యబోయాడో లేదో, అది పొద్దున పూట మొండికేస్తుందని హోలిస్ తనే చెప్పాడు. మడమ ఎత్తబోతే, వెనక సీటు దగ్గర నేల మెత్తబడిందని చూపించాడు. స్పీడోమీటరు అబద్ధాలు చెబుతుందట, సీట్లు చిరిగాయట, పైకప్పు కారుతుందట.

యోగానంద్ నోరెళ్లబెట్టాడు. అమ్మేవాడు పొగడాలి, కొనేవాడు తిట్టాలి. ప్రపంచంలో ఎక్కడైనా బేరమంటే ఇంతే కదా. ఈయన కొనేవాడి పని కూడా తనే చేసేస్తుంటే ఇంక మిగిలిందేముంది? ఉక్రోషం వచ్చింది అతనికి. ఆ నేల ఒక వారాంతంలో బాగుచెయ్యొచ్చన్నాడు. వెనక గోడ కొట్టి చూసి, ఖంగుమంటోంది, ఇలాంటిది తను చూడలేదన్నాడు. ఇంజను తిప్పించి, మొండికెయ్యడం కాదు, ప్లగ్గులు మారిస్తే చాలన్నాడు. తన నోటంట వస్తున్న మాటలకి తనే బిత్తరపోయాడు. మెచ్చుకున్న కొద్దీ హోలిస్ ముఖం వాడిపోతోంది.

అప్పుడు వెలిగింది యోగానంద్‌కి. ఈయన అమ్మడం లేదు, వచ్చినవాళ్లని తరిమేస్తున్నాడు. మెల్లగా అడిగితే ముసలాయన ఒప్పేసుకున్నాడు. వసంతం నుంచీ అందర్నీ ఇలాగే సాగనంపాడట. పడవ పోతే ఆదివారాలు ఏంచెయ్యాలో తెలియదట.

తప్పించుకోడానికి ఇంతకంటే మంచి దారి ఉంటుందా! అమ్మే మనిషికే ఇష్టం లేదు, పదండి పోదాం అంటే సరి, నింద కూడా రాదు. అనడానికి యోగానంద్ వెనక్కి తిరిగాడు. ఆండాళ్ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. చేతులు చక్రం మీద వేసుకుని చెరువు వైపు చూస్తోంది. ఏమంటారని అడగలేదు.

అతను పడవ అంచు పట్టుకుని ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఆండాళ్, ఈ పడవలో లోపమేమీ లేదు. మనం చూసినవాటిలో సగం వాటిలో ఏమీ లేదు. నాకు ఈత రాదు. నీళ్లంటే భయం. అది చెప్పలేకే ఇన్ని వంకలు పెట్టాను."

"తెలుసు," అందావిడ.

"ఎప్పట్నుంచి?"

"మొదటి పడవ ఎక్కుతూ నా చెయ్యి పట్టుకున్నారే, అప్పట్నుంచి. మీరే చెబుతారు కదా అని చూశాను. లేకపోతే ప్రతి శనివారం ఎండలో పడి ఇంజన్లు వాసన చూడ్డం నాకేం సరదా?" నవ్వబోయింది కానీ కళ్లు తుడుచుకుంది.

"నాకు కూడా తెలుసు నాన్నా," అంది రేణు రేవు మీంచి. "ఎవ్రీ మోటెల్‌లో పూల్ చూడగానే నీకు కోల్డ్ వస్తుంది."

యోగానంద్‌కి సిగ్గేసింది, దాంతోపాటే ప్రాణం లేచొచ్చింది కూడా. బేరం ఆండాళే తేల్చింది. పడవ తమదవుతుంది కానీ ఎక్కడికీ రాదు, హోలిస్ రేవులోనే ఉంటుంది. ఆదివారాలు ఆయనా తమతో రావాలి, చెరువులో లోతులెక్కడో రాళ్లెక్కడో చూపించాలి. వెనక నేల మెత్తగా ఉందని హోలిస్ మరోసారి గొణిగాడు గానీ, అప్పటికే తాడు విప్పేస్తున్నాడు.

యోగానంద్ లైఫ్‌జాకెట్ పట్టీలన్నీ ఊపిరాడనంతగా బిగించుకుని, సరిగ్గా నడిమధ్యన కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పడవ రేవు వదిలింది.

"మెల్లగా పోనివ్వమంటారా?" అని అడిగింది ఆండాళ్.

"భయంగానే ఉంది," అన్నాడతను కళ్లు తెరవకుండానే. "అయినా నీకెలా ఇష్టమైతే అలా పోనివ్వు."

ఆండాళ్ పోనిచ్చింది.