ఇంగ్లిషు అరవై

జహోత్మాన్ లింబోంగ్‌కు ఎక్కడైనా అంకె తప్పితే అన్నం సహించదు. ఈ ఒక్క జబ్బూ లేకపోతే సియంతార్ ఊళ్లో ఆయన్ని మించిన పెద్దమనిషి లేడు. పెళ్లిలో ఎవరైనా "మీకు వేయి ధన్యవాదాలు" అంటే ఆపి లెక్క అడుగుతాడు. శవం ముందు నిలబడి "నూరేళ్ల నిండు జీవితం గడిపిన మా పెద్దాయన..." అని ఎవరో గొంతు సవరించుకోగానే, వెనక వరసలోంచి లేచి "తొంభై మూడేళ్ల నాలుగు నెలలు" అని సర్ది కూర్చుంటాడు. ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపి వేళ్లు మడుస్తారు. అంకె ఒక్కటే చెప్పినా ఊరుకోడు. పన్నెండంటే, "పన్నెండు ఏమిటి? మైళ్లా, గంటలా, అరటిపళ్లా?"

ఇలాంటివాడు పాత మోటారు సైకిళ్ల మీటర్లు బాగుచేసి బతుకుతున్నాడంటే ఆశ్చర్యమేముంది? మనుషులు ఎటూ వినరు. సూదులైనా వింటాయి కదా!

గొమ్గొమ్ సినగ ఆయన్ని మొదటిసారి చూసింది పరాపట్ దారిలో, సరస్సు కనబడే మూడో మలుపులో. చూశాడనడం పెద్ద మాటే. చూసుంటే బండి కాలువలోకి ఎందుకు పోతుంది?

బండి అంటే బీఎస్ఏ, ఇంగ్లిషు మోటారు సైకిలు. యుద్ధం నాటిది. పక్కన సైడ్‌కారు తగిలించి, అందులో జనాన్ని కూర్చోబెట్టుకుని గొమ్గొమ్ ముప్పై ఆరేళ్లుగా తోలుతున్నాడు. ఆ రోజు సైడ్‌కారులో ఆయన భార్య తియుర్మా, ఆమె ఒళ్లో విందుకు పట్టుకెళుతున్న బంగారుతీగ చేప కూర గిన్నె. రోడ్డు మధ్య ఒకాయన అడుగులు కొలుచుకుంటూ నడుస్తున్నాడు. మైలురాయి మీది అంకె నిజమో కాదో తేల్చుకునే పనిలో ఉన్నాడు.

"ఒరేయ్ గాడిదా! పందీ! రోడ్డు కొన్నావట్రా గాడిదా!" అని కాలువలోంచి గొమ్గొమ్ అరిచాడు.

తియుర్మా మొహం మీది పులుసు తుడుచుకుంది. "మూడోసారి. ఏమన్నాను నేను? మూడోసారి పడితే బండి మెదాన్ పట్నంలో పాత బళ్లు కొనే ఆ షోకిల్లా ఇంటికి పోతుందన్నానా లేదా?"

"ఇది పడటం కాదే, ఒరగడం."

"చేప పడిందయ్యా!"

"చేప పడింది. బండి పడలేదు."

ముప్పై ఆరేళ్ల సంసారం ఆ కాలువ గట్టున అటో ఇటో ఊగుతోంది. బండి పోతే గొమ్గొమ్ అనేవాడు మిగలడు, వీధరుగు మీద ఒక పొట్ట మిగులుతుంది. ఆ సంగతి అందరికంటే గొమ్గొమ్‌కే బాగా తెలుసు.

అప్పుడా కొలతలాయన వంగి, సంచిలోంచి ఏదో పరికరం తీసి బండికి ఆనించి చూశాడు. "ఇరవై రెండు డిగ్రీలు. ఒరగడమే అమ్మా, పడటం కాదు."

తియుర్మా మొగుడి మాట కొట్టెయ్యగలదు గానీ, డిగ్రీలనెలా కొట్టేస్తుంది?

బాతక్ తెగవాళ్లు ఇద్దరు ఎదురుపడితే, కాలువలో ఉన్నా సరే, ముందు వంశం అడగాలి. గొమ్గొమ్ మట్టి దులుపుకుంటూ, "సినగ, పదిహేనో తరం. మాయమ్మ లింబోంగుల ఆడపడుచు, పద్నాలుగో తరం" అన్నాడు.

"నేను లింబోంగునే. పద్నాలుగో తరం."

గొమ్గొమ్ లెక్క వేశాడు: అమ్మ తరమే, అంటే అమ్మకు తమ్ముడి వరస. అరవై మూడేళ్ల తను, నలభై ఐదేళ్ల మేనమామను పట్టుకుని గాడిదన్నాడు! మేనమామంటే ఆశీర్వాదం వచ్చే దిక్కు. ఆయన ఉసురు తగిలితే బండేమిటి, వంకాయ కూడా కాయదు.

"మామా, ఇందాక నేనన్న గాడిదను వెనక్కి తీసుకుంటున్నాను."

"రెండు గాడిదలు."

"రెండూ తీసుకుంటున్నాను."

"ఒక పంది కూడా ఉంది అల్లుడూ."

పందిని కూడా తీసుకున్నాక లెక్క సరిపోయింది. జహోత్మాన్ చల్లబడి, "ఎంత వేగంలో వస్తున్నావు?" అన్నాడు.

"అరవై."

"అరవై ఏమిటి?"

"మైళ్లు మామా! ఇప్పటి కుర్రబళ్ల అరవై కాదు, ఇంగ్లిషు అరవై!" గొమ్గొమ్‌కు ఊళ్లో ఉన్న పేరే అది. కాఫీ కొట్లో ఎవరు వేగం మాటెత్తినా "నాది ఇంగ్లిషు అరవై" అని తొడ కొట్టేవాడు.

జహోత్మాన్ మీటరు వైపు చూశాడు. బండి కాలువలో ఆగి ఉంది. సూది మాత్రం అరవై మీదే ఉంది. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. నిద్రలో కూడా గొమ్గొమ్ బండి అరవైలోనే పోతోందన్నమాట.

జహోత్మాన్ మొహం దగ్గరి చుట్టం పోయినట్టు అయిపోయింది. "అమ్మా, ఈయన ఎంత వేగంలో పోతున్నాడో ఈయనకే తెలియదు" అన్నాడు తియుర్మాతో.

"అదే కదండీ నా ఏడుపు!" అని ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీటరు బాగుచేయించు, లేకపోతే బండి దిగు. ఇదే నా ఆఖరి మాట."

అలా మీటరు జహోత్మాన్ ఇంటికి చేరింది. నలభై ఒక్క రోజులు పడుతుందన్నాడు, నలభై ఒక్క రోజులే పట్టింది. మధ్యలో గొమ్గొమ్ వెళ్లి తొంగిచూస్తే, పళ్లెంలో ఆవగింజలంత పళ్లచక్రాలు కిరసనాయిల్లో స్నానం చేస్తున్నాయి. సాలీడు గూడు ఒకటి విడిగా కాగితంలో పెట్టి ఉంది. "అదెందుకు మామా?" అంటే, "లోపల ఉన్నదంతా లెక్క చూపించాలి కదా" అన్నాడు. అంకెలు రాసే కుంచెకు మూడే పిల్లి వెంట్రుకలు. నాలుగోది ఉంటే గీత లావెక్కి, సూది ఏ అంకె మీదుందో తేలదట. అదీ అబద్ధం కిందికే వస్తుందట.

బిగించాక సూది బతికింది. ఆ కాలపు మీటర్లలో సూది జారదు, మెట్లెక్కినట్టు టిక్ టిక్ మని అంగలేస్తుంది. ఇరవై, ముప్పై, నలభై... అరవై! గొమ్గొమ్ కళ్లు చెమర్చాయి. అయిదు నెలలు అదే ఇంగ్లిషు అరవైలో పోయాడు. ఒక్కసారి పడలేదు, ఒరగలేదు. పూర్వం రెండు చేతులా కమ్మీ పట్టుకుని దేవుణ్ని తలుచుకునే తియుర్మా, ఇప్పుడు సైడ్‌కారులో గుర్రు పెడుతోంది. వయసు మీదపడే కొద్దీ తన చెయ్యి తిరుగుతోందని గొమ్గొమ్ మురిసిపోయాడు. పల్లం దారిలో సైకిళ్లవాళ్లు దాటిపోతున్నా, ఈ కాలం సైకిళ్లు బాగా వస్తున్నాయనుకున్నాడు గానీ ఇంకోలా అనుకోలేదు. అంతటి బుద్ధిమంతుడు.

ఆరో నెలలో ఒక నర్సమ్మ బండెక్కి, సైడ్‌కారులోంచి వంగి చూసింది. "బాబాయ్, మీ మీటరు కిలోమీటర్లదా? కింద రాసుందే!"

గొమ్గొమ్ బండి ఆపి ముక్కు అద్దానికి ఆనించాడు. ఉంది. చీమకాలంత. అంటే ఇన్నాళ్లూ తను పోతోంది ముప్పై ఏడు మైళ్లలో!

నర్సమ్మను దింపకుండానే తిన్నగా కాఫీ కొట్టుకు పోయాడు. మూల బల్ల దగ్గర జహోత్మాన్ చక్కెర స్పూన్లు కొలుచుకుంటున్నాడు. మరొకడైతే కాలరు పట్టుకోవచ్చు. మేనమామ కదా, వినయంగా, గుసగుసగానే పోట్లాడాలి.

"మామా, తమరి కాళ్లకు దండం. తమరు నన్ను నిలువునా ముంచారు."

"మీటరు అబద్ధం చెప్పిందా?"

"లేదు."

"కిలోమీటర్లని రాయలేదా?"

"రాశారు. చీమకాలంత!"

"ఒకటిన్నర మిల్లీమీటర్లు."

"అది నాకెలా కనబడుతుంది మామా?"

"నేను ఒక మీటరు డెబ్భై సెంటీమీటర్లుంటాను. ఆ మలుపులో నేను కనబడ్డానా?"

గొమ్గొమ్‌కు అప్పుడు వెలిగింది. ఈ వయసులో చూపు మందగించింది, వేగం తగ్గించమని తనకు చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. ఈయనా చెప్పలేదు. అంకెలు మార్చి రాశాడంతే.

"కావాలంటే ఇప్పుడే విప్పి మైళ్లు రాసిస్తాను. నీ మీటరు, నీ ఇష్టం" అని జహోత్మాన్ సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

గొమ్గొమ్ చెవుల్లో తియుర్మా గుర్రు వినిపించింది. "వద్దులెండి" అన్నాడు నెమ్మదిగా.

అంతలో పక్క బల్ల నుంచి మరొజహాన్ లేచాడు. ఆయనా బండివాడే, వరసకు బావ, అంటే వెక్కిరించడానికి పుట్టినవాడు. "ఏం బావా! బయట నర్సమ్మ ఏదో చెబుతోంది. నీ ఇంగ్లిషు అరవై ఇంకా ఉందా, ఓడెక్కి ఇంగ్లండు పోయిందా?"

కొట్టంతా నవ్వింది. గొమ్గొమ్ మెడ వంగిపోయింది.

"ఎందుకయ్యా మనలో మనకు! లింబోంగ్ మామ ఇక్కడే ఉన్నాడు. మామా, వీడి బండి ఎంతలో పోతోంది?"

కప్పులన్నీ ఆగాయి. ఊళ్లో తప్పు అంకె మింగలేని మనిషి ఒక్కడే. జహోత్మాన్ కాఫీ ఒక గుక్క తాగాడు.

"అరవై."

"అదే, అరవై ఏమిటి?"

ఆయన నుదుటన చెమట పట్టింది. నోట్లో గులకరాయి తిరుగుతున్నట్టు దవడ అటూ ఇటూ కదిలింది. గొమ్గొమ్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అరవై అంటే అరవయ్యే!" అన్నాడు జహోత్మాన్ గట్టిగా. "నా కళ్లతో చూశాను. సూది అరవై మీద ఉంటుంది."

మరొజహాన్ కూలబడ్డాడు. "మామే అన్నాక ఇంకేముంది!" కొట్టతను తనే గొమ్గొమ్‌కు కాఫీ తెచ్చిపెట్టాడు.

గొమ్గొమ్ తల తిప్పేసరికి మూల బల్ల ఖాళీ. జహోత్మాన్ వస్తానని కూడా అనకుండా సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మిగతా మాట ఎక్కడ జారిపోతుందోనని కాబోలు, దాదాపు పరుగెడుతున్నాడు.