ముందు సీట్లో మామ, అడుగున ఖాళీ ట్యాంకు

నా తెలివి వల్ల ఒక ఆడపిల్ల పెళ్లి ముహూర్తం తప్పిపోయేదాకా వచ్చింది. నా మీద కాస్తో కూస్తో గౌరవం ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేస్తే మంచిది. మిగతావాళ్లు దగ్గరికి జరగండి, చెప్తాను.

రెండేళ్ల కిందటి మాట. జనగామలో ఉండే మా మామ, అంటే నా భార్య సుజాత తండ్రి, అరవై ఆరేళ్ల వయసులో కారు కొంటానన్నాడు. ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద కారు. ఏది కొంటే పెట్టిన డబ్బుకు న్యాయమో అల్లుళ్లిద్దరినీ తేల్చమన్నాడు. దాంతో ఇంట్లో రెండు పార్టీలు పుట్టాయి.

తోడల్లుడు శ్రీనన్నది పెట్రోలు పార్టీ. ఆయనకు అప్పటికే ఒక పెట్రోలు ఎస్‌యూవీ ఉంది. నాది ప్లగిన్ హైబ్రిడ్ పార్టీ. ఆ బండిని ఇంట్లో ప్లగ్గుకు పెట్టి ఛార్జింగ్ చేసుకుంటే డెబ్బై కిలోమీటర్ల దాకా కరెంటు మీద పోతుంది. తర్వాత పెట్రోలు అందుకుంటుంది. ఇదంతా నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న పాండిత్యం. నాకు సొంతానికి ఉన్నది స్కూటరు.

హైబ్రిడ్ ధర చాలా ఎక్కువ కదా అని శ్రీనన్న అడ్డం తగిలాడు. రోజూ మిగిలే పెట్రోలు సంగతి చూడమని నేను కాగితం మీద లెక్క వేశాను. మామ కళ్లజోడు సర్దుకున్నాడు.

"పైన పెట్టిన పైసలు ఎన్నేండ్లకు తిరిగొస్తయి అల్లుడు?"

"తొమ్మిదేండ్లకు మామా."

"అంటే డెబ్బై అయిదేండ్లు దాటినంక నాకు లాభం మొదలైతదన్నట్టు."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి నా సొంత భార్య. అప్పుడే నాకు రోషం పొడుచుకొచ్చింది. వచ్చే వారం గార్లలో పెళ్లికి ఎలాగూ పోతున్నాం కదా, హైబ్రిడ్ తెస్తాను, బంకు మొహం చూడకుండా గార్ల చేరుస్తాను, చూడండి అన్నాను. ఈ మాట ఎవరూ నా నోట్లోంచి లాగలేదు.

ఆ పెళ్లి మామ చెల్లెలి కూతురిది. మామ ఒక్కడే మేనమామ. మా దిక్కు మేనమామ గంపలో ఎత్తుకొస్తేనే పెళ్లికూతురు పందిట్లోకి వస్తుంది. ముహూర్తం పది గంటల యాభై నిమిషాలకు. ఆ మనిషిని తీసుకొచ్చి నా పందెం బండిలో కూర్చోబెట్టాను.

బండి హైదరాబాద్ దోస్తుది. ట్యాంకులో అడుగున కొంచెమే ఉంది, పోయించుకో అని తాళం ఇస్తూ మరీ చెప్పాడు. పోయిస్తే పందెం ఏముంది? జనగామలో మామ ఇంటి దగ్గర నిండా ఛార్జింగ్ పెట్టి, పొద్దున ఏడింటికి బయల్దేరాను. ముందు సీట్లో మామ, వెనక సుజాత, అత్తమ్మకు చెల్లెలయ్యే చిన్నత్త, పెళ్లికి పెట్టే ఇత్తడి సామాను. అత్తమ్మ శ్రీనన్న బండెక్కింది.

తొర్రూరు దాకా నా అంత దొర లేడు. చప్పుడు లేదు, పొగ లేదు. మామ సీటు వెనక్కి వాల్చుకుని, బండి మంచిగనే ఉన్నది అల్లుడు అన్నాడు. తొర్రూరు దాటాక బ్యాటరీ చేతులెత్తేసింది, ఇంజను లేచింది, వెంటనే పెట్రోలు లైటు వెలిగింది. మామ చూస్తాడేమోనని పెళ్లిపత్రికను దాని మీద ఆనించి పెట్టాను. అద్దానికి వేలాడే వినాయకుడి బొమ్మ అటు ఇటు ఊగుతుంటే నా ప్రాణం కూడా దానితోపాటే ఊగింది.

మానుకోటలో రోడ్డు పక్కనే బంకు కనిపించింది.

"గా బంకు కాడ జర ఆపుండ్రి," అంది సుజాత. ఆమె గొంతు మారిందంటే విషయం తెలిసిపోయిందన్నమాట.

"అక్కర లేదు," అన్నాను. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

గార్ల ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. పెళ్లిపత్రిక జారి మామ ఒళ్లో పడింది. ఆయన పత్రిక చూశాడు, లైటు చూశాడు, నన్ను చూశాడు. పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. టైము పది దాటింది.

శ్రీనన్నకు ఫోన్ చేశాను. ఆయన ఇంకా తొర్రూరులోనే ఉన్నాడు. మైలేజీ చూపియ్యాలె కదా తమ్మీ, ఏసీ బంద్ పెట్టి ఇరవై మీద నడుపుతున్న అన్నాడు. వెనక నుంచి అత్తమ్మ ఉడికిపోతున్న చప్పుడు వినిపించింది.

ఇంతలో మామ ఫోన్ మోగింది. ఆయన చెల్లెలు. స్పీకరు అక్కర్లేకుండానే ఆమె గొంతు మా అందరికీ వినబడింది.

"ఎక్కడున్నవే అన్నా? పిల్ల గంపల కూసున్నది."

మామ కళ్లు చెమ్మగిల్లాయి. వస్తున్న చెల్లె అని పెట్టేశాడు. నాకు భూమిలో దూరిపోవాలనిపించింది. రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. రెండు కార్లు తప్పించుకుని పోయాయి. మూడోది ఎండుమిర్చి బస్తాల ట్రాలీ ఆటో. ఆగింది.

"కారుకేమైంది? పెట్రోలా, డీజిలా?" అడిగాడు డ్రైవరు.

"కరెంటు, పెట్రోలు. రెండిటి మీద నడుస్తది."

"మరి రెండుండంగ ఎందుకాగింది?"

పట్టుపంచెతో మామను మిర్చి బస్తాల మీదికి ఎక్కించి, సుజాతను, చిన్నత్తను ఇత్తడి సామానుతో సహా డ్రైవరు పక్కన ఇరికించి, నేను వెనక వేలాడాను. గార్ల పందిరి ముందు దిగేసరికి పదీ నలభై అయిదు. మామ పరుగెత్తాడు, గంప ఎత్తాడు, తుమ్మాడు. గంపలో పెళ్లికూతురు తుమ్మింది. పెళ్లికొడుకు, వాళ్ల నాయిన, చివరికి మైకులో పంతులు. ఒక్క తుమ్మయితే అపశకునం గానీ ఇన్నింటికి శాస్త్రంలో ఏమీ లేదని ఆయనే ముక్కు తుడుచుకుంటూ తేల్చాడు. ముహూర్తం నిలబడింది. మామ చెల్లెలు ఆయన్ను పట్టుకుని ఏడ్చింది, అది సంతోషమో మిర్చి ఘాటో తెలియలేదు.

నెల తర్వాత మామ అల్లుళ్లిద్దరినీ పిలిచాడు. వాకిట్లో కొత్త బండి, పసుపు బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు. అది ట్రాలీ ఆటో.

"మీ రెండు బండ్లు జూసిన," అన్నాడు మామ. "ఒకటి ఆగె, ఒకటి కదలకపాయె. గిదైతే పోతది, కిరాయి గూడ తెస్తది. ఎక్కుండ్రి, గుడికి పోయొద్దాం."

కాబట్టి సమస్త బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై నేను ఏ బండి గురించీ ఎవరికీ సలహా ఇవ్వను. పిల్లల మూడు చక్రాల సైకిలు గురించి అడిగినా నోరు విప్పను. ఈ ప్రతిజ్ఞ ఆ రోజే గుడికి పోతూ మామ ట్రాలీ వెనక నిలబడి, ఇనుప కడ్డీ పట్టుకుని చేశాను. సాక్షి శ్రీనన్న. పక్క కడ్డీ ఆయనదే.